పదిహేడు తప్పులు

"ఆ కంచం తీసీ. నాకు ఆకలి లేదు."

సాల్మన్‌రాజు మాస్టారు ఆ మాట అన్నది భార్య ఎస్తర్ రాణితో. కూతురు కృపాజ్యోతితో అయితే మంగళవారం మధ్యాహ్నం నుంచి ఆ మాత్రం కూడా మాట్లాడలేదు. ఇవాళ బుధవారం.

ఎస్తర్ రాణి కంచం తీయలేదు. ఆస్పత్రిలో ఇరవై రెండేళ్లుగా నర్సుగా చేస్తున్న మనిషి. ఆకలి లేదనేవాళ్ల మాట ఆమె ఏనాడూ లెక్కచేయలేదు. కంచం మీద మూత పెట్టి, మూడో నంబరు టైపు మిషను పక్కన బల్ల మీద ఉంచింది.

"కోపంగా ఉండడానికైనా ఒంట్లో ఓపిక ఉండాల కదండీ. రెండు ముద్దలు తినీసి, తర్వాత మళ్లీ కోపంగా ఉండండి."

"నాకు కోపమని ఎవురన్నారు?"

"ఎవురూ అన్లేదు. నిన్నటి నుంచి ఆ మిషనుకి నూనె పెడుతున్నారు. ఇది నాలుగోసారి."

మాస్టారు చేతిలోని చిన్న బ్రష్షు కిందపెట్టారు. పెట్టి, మళ్లీ తీసుకున్నారు.

ఈ మాటలు జరుగుతున్న చోటికి పది అడుగుల దూరంలో, అదే హాల్లో, కంప్యూటర్ ముందు కృపాజ్యోతి కూర్చుని ఉంది. ఇంటి ముందు భాగమంతా ఒకటే పొడవాటి హాలు. కుడివైపు గోడ వెంబడి ఎనిమిది టైపు మిషన్లు, ఎడమవైపు రెండు కంప్యూటర్లు. నర్సీపట్నంలోనూ, చుట్టుపక్కల మండలాఫీసుల్లోనూ టైపు కొట్టే ఉద్యోగులు సగంమంది ఆ కుడివైపు గోడ దగ్గర తయారైనవాళ్లే. ఎడమవైపు గోడ దగ్గర పని మొదలై ఇంకా ఏడాది కాలేదు.

"మీ అమ్మాయికి సెప్పు," అన్నారు మాస్టారు. "ఆదివారం అందరి ముందూ ఒక మాట అనుకున్నాం. మాట మీద నిలబడమను."

"నాకు వినపడింది నాన్నా," అంది కృపాజ్యోతి.

"విన్నాదంట," అంది ఎస్తర్ రాణి భర్తతో.

"వింటే మంచిదే అని సెప్పు."

ఎస్తర్ రాణి ఇద్దరినీ చూసి, "నేనేటి, మీ మధ్యన పోస్టుమేన్‌నా?" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆదివారం అనుకున్న మాట ఆ హాలు గురించే. జాన్ బాబు, అంటే మాస్టారి పెద్దకొడుకు, విశాఖపట్నంలో పాఠాలు చెప్పే కంప్యూటర్ సంస్థ మూతపడ్డాక నెల్లాళ్లుగా ఇంట్లోనే ఉన్నాడు. అనకాపల్లి నుంచి మత్స్యలింగం గారనే ఆయన్ని కుదిర్చాడు. హాలంతా ఆయన సంస్థకు శాఖగా ఇచ్చేస్తే వాళ్ల బోర్డు, వాళ్ల పుస్తకాలు, జావా అనే కంప్యూటర్ భాషలో వాళ్ల కోర్సు వస్తాయి. జాన్ బాబు అందులో మాస్టారవుతాడు. టైపు మిషన్లు వెనక వరండాలోకి పోతాయి.

కృపాజ్యోతి కోరింది వేరు. హాలు ఇలాగే ఉండాలి. తన వైపు గోడ దగ్గర తనకు తోచిన భాష పట్టుకుని వెబ్ పేజీలు కట్టి చూసుకునే వీలుండాలి. ఆ వచ్చే సంస్థలో అదే కుదరదు. వాళ్ల పుస్తకంలో పదకొండో పాఠం తర్వాత పన్నెండో పాఠమే రావాలి. "ఇలా రాస్తే ఏమవుతుంది?" అని అడిగే పాఠం అందులో ఎక్కడా లేదు.

అందుకే ఆమె జావాస్క్రిప్ట్ అనే భాషతో ఒక పేజీ కట్టింది. నాన్న ఇరవై ఎనిమిదేళ్లుగా చెప్పే టైపు పాఠాలే అందులో పెట్టింది. పాఠం చూసి కొడితే, పేజీ మాటకు మాట పోల్చి తప్పులెన్నో చెబుతుంది.

"తప్పులు దిద్దడానికి నీ పేజీకి కళ్లున్నాయా?" అన్నారు ఆదివారం మాస్టారు, ఆరాధన నుంచి వచ్చి భోజనం దగ్గర కూర్చుని. "సరే, నేను కొడతాను. నా కంటికి ఎన్ని కనపడితే అదీ అన్నే సెప్పాల. సెప్తే హాలు నీది, నీ ఇష్టం. సెప్పలేకపోతే శుక్రవారం ఆయన కాయితం మీద సంతకం పెట్టేస్తాను."

మంగళవారం కొట్టారు. తీసుకున్నది ఇంగ్లీషు టైపులో పై పరీక్ష హయ్యర్‌కు చెప్పే పాఠం, తాండవ జలాశయం ఆయకట్టు స్టేట్‌మెంట్. నిండా ఏళ్లు, తారీఖులు, ఎకరాలు. తల ఎత్తి పాఠం వైపే చూస్తూ, కీల వైపు కన్ను తిప్పకుండా కొట్టారు. కీల వైపు చూసే విద్యార్థుల వేళ్ల మీద ఫుట్‌రూలుతో తట్టే మనిషి మరి.

పేజీ చెప్పింది: పదిహేడు తప్పులు.

మాస్టారు కళ్లద్దాలు సర్దుకుని, అదే ఫుట్‌రూలు కంప్యూటర్ అద్దం మీద ఆనించి, ఒక్కో వరుసా దింపుకుంటూ మొత్తం చదివారు. "ఒక్కటీ లేదు," అన్నారు. వెనక నిలబడ్డ జాన్ బాబు తెరవైపు వంగి చూసి, నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. తిరిగి వచ్చేసరికి మాస్టారు కొట్టింది తెర మీద లేదు, ఎక్కడా లేదు.

పాఠకులు మాస్టారిని మొండివాడనుకోవచ్చు. అనుకుంటే అనుకోండి. కానీ ఇరవై ఎనిమిదేళ్లలో తప్పు కొట్టని వేళ్లకు పదిహేడు తప్పులు అంటగడితే ఎవరికైనా అన్నం దిగదు.

*

"నేను ముందే సెప్పాను కదా," అన్నాడు జాన్ బాబు సాయంకాలం. అతని చేతిలో జావా పుస్తకం ఉంది. దిండుగా వాడుకోగలిగినంత లావు. "జావాస్క్రిప్ట్ ఒక భాషేటి? పేజీలో బొమ్మలు గెంతించడానికి పనికొస్తాది. ఇలాంటి పనికి జావా ఉండాల."

"జావాలో రాస్తే పదిహేడు పోయి సున్నా వస్తాదా?"

"వస్తాది."

"ఎందుకొస్తాది?"

"ఎందుకేటి? అది పెద్ద భాష."

"పెద్దదే అన్నయ్యా, కాదన్లేదు. నేనడిగింది కారణం. రెండు మాటలు ఒకటేనా కాదా అని పోల్చడమే కదా పని. అది ఏ భాషైనా సేస్తాది. మరి జావాస్క్రిప్ట్ ఒక్కటే ఎందుకు పొరబడతాది?"

జాన్ బాబు పుస్తకం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "వైజాగులో ఏ ఉద్యోగానికెళ్లినా జావా వచ్చా అనే అడుగుతారు. నీ ఎందుకులు ఎవుడూ అడగడు."

కృపాజ్యోతికి కోపం వచ్చింది గానీ అది నిలవలేదు. ఆమె బుర్ర అప్పటికే ఇంకోదాని మీదికి వెళ్లిపోయింది. ఆమె దగ్గర గీతల నోటుబుక్కు ఒకటుంది. ఏది వాడి చూస్తే ఏమైందో అందులో రాసుకుంటుంది. బొమ్మలు లాగి పెడితే తనే కోడ్ రాసేసే సాఫ్ట్‌వేర్ ఒకటి వాడి, "నేను రెండు వరుసలు అడిగితే ఇది రెండు పేజీలు రాసింది, ఎందుకో చెప్పదు" అని రాసింది. విజువల్ బేసిక్ దగ్గర "చాలా బాగుంది, కానీ ఈ గది దాటదు" అని ఉంది. జావాతో పేజీలో నడిపే ఆప్లెట్ దగ్గర అయితే "బూడిదరంగు పెట్టె వచ్చింది, నేను టీ తాగి వచ్చాను, ఇంకా బూడిదరంగు పెట్టే ఉంది, పాపం మన కంప్యూటర్‌కి మెమొరీ చాలదు" అని ఉంది. కోడ్ రాసేది మాత్రం కంప్యూటర్‌లోని నోట్‌ప్యాడ్‌లోనే. నోట్‌ప్యాడ్ ఏమీ చెప్పదు, ఏమీ దిద్దదు, తప్పు రాస్తే తప్పులాగే ఉంచుతుంది. అదంటే ఆమెకు ఇష్టం.

నోటుబుక్కు చివరి పేజీలో పి.హెచ్.పి. అని ఇంకో భాష పేరు ఉంది. ఒక కంప్యూటర్ పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలో దొరికింది. దాని ఎదురుగా "చూడాలి" అని మాత్రమే రాసి ఉంది.

"అన్నయ్యా, ఒక సంగతి నీదే రైటు," అంది కృపాజ్యోతి ఉన్నట్టుండి.

జాన్ బాబు అనుమానంగా చూశాడు.

"నా పేజీ ఏటీ దాచదు. కరెంటు పోతే నాన్న కొట్టింది కూడా పోయింది. జావాస్క్రిప్ట్‌తో లెక్కపెట్టించాను గానీ దాచమని ఎవురికీ సెప్పలేదు. అది నా తప్పు. నాకిప్పుడు కొట్టింది కొట్టినట్టు ఫైల్లో దాచేది కావాల. పి.హెచ్.పి. ఆ పని సేస్తాదంట. ఏ భాష గొప్పదన్న గొడవ మనకెందుకు? వేళ్లు నిజంగా ఏటి కొట్టాయో తెలిస్తే సాలు."

"ఏటి కొట్టుంటాయి? సరిగ్గానే కొట్టుంటాయి. నీ పేజీదే లోపం."

"అదే సూద్దారి."

జాన్ బాబు ఇంకేదో అనబోయాడు. అనకుండా పుస్తకం చంకలో పెట్టుకుని అబీద్ సెంటర్ వైపు వెళ్లిపోయాడు. ఎప్పుడూ ఆఖరి మాట తనదే కావాలనుకునే అన్న అలా వెళ్లిపోవడం కృపాజ్యోతికి వింతగానే తోచింది. కానీ సీడీ కంప్యూటర్‌లో తిరగడం మొదలుపెట్టగానే ఆమె ఆ సంగతి మరిచిపోయింది.

*

గురువారం పొద్దున్న ఏడు గంటల బ్యాచికి ఝాన్సీలక్ష్మి వచ్చింది. సముద్రం ఒడ్డున రేవుపోలవరం పిల్ల. తండ్రి వేటకు వెళ్తాడు. ఇక్కడ బజార్లో చేపలమ్మే మేనత్త కొండలమ్మ దగ్గర ఉండి, మాస్టారి దగ్గర హయ్యర్ నేర్చుకుంటోంది.

"ఝాన్సీ, ఇవాళ మిషను మీద కాకుండా దీని మీద కొట్టవా?"

"ఓలమ్మో! మాస్టారు సూస్తే?"

"నాన్న చర్చి లెక్కలు సూడ్డానికి ఎల్లారు. బేగి కొట్టీ. తాండవ స్టేట్‌మెంటే."

ఝాన్సీ కూర్చుంది. వీపు నిటారుగా పెట్టి, తల ఎత్తి, కీల వైపు చూడకుండా. అచ్చం మాస్టారిలాగే. కృపాజ్యోతి ఆ వేళ్లను చూస్తూ నిలబడింది. ఆమెకు టైపు రాదు. మాస్టారు తాలూకా అంతటికీ నేర్పారు గానీ కూతురిని మాత్రం మిషను ముందు కూర్చోనివ్వలేదు. "టైపిస్టంటే ఒకళ్లు రాసింది కొట్టేవాడు. నువ్వు రాసేదానివి అవ్వాల," అనేవారు. ఆమె కంప్యూటర్ మీద రెండు చూపుడు వేళ్లతోనే పొడుస్తుంది. మంగళవారం మాస్టారికి ఎక్కువ బాధేసింది కూడా అక్కడే. రెండు వేళ్ల మనిషి కట్టిన పేజీ పది వేళ్ల మనిషిని తప్పుపట్టింది.

ఝాన్సీ కొట్టడం అయింది. పి.హెచ్.పి. మొత్తం ఫైల్లో దాచి, లెక్క చెప్పింది: ఇరవై మూడు.

"ఇరవై మూడా!" ఝాన్సీ చేతులు వెనక్కి తీసేసుకుంది. "నేదక్కా. ఓ ఐదో ఆరో పోయుంటాయి. వేలు జారితే నాకు తెలిసిపోద్ది."

"ఎన్నని?"

"సెప్పాను కదా, ఐదో ఆరో."

కృపాజ్యోతి ఆ ఫైలునే తన పాత జావాస్క్రిప్ట్ పేజీకి ఇచ్చింది. ఇరవై మూడు. రాత్రి జాన్ బాబు రోషం కొద్దీ జావాలో రాసి పెట్టిన ప్రోగ్రాం ఉంది. దానికీ ఇచ్చింది. ఆలస్యంగా చెప్పినా అదీ ఇరవై మూడే చెప్పింది. ఒకటే పాఠం, మూడు భాషలు, ఒకటే లెక్క. అయితే భాషల్లో లోపం లేదు.

ఆమె ఫైలును ప్రింటు తీసి ఝాన్సీ చేతికిచ్చింది. "నాన్న వచ్చాక దిద్దమని ఇయ్యి. దేని మీద కొట్టావో సెప్పకు."

తొమ్మిదింటికి మాస్టారు వచ్చారు. కాగితం మీద ఫుట్‌రూలు పెట్టి, ఎర్ర పెన్సిల్‌తో దిద్దారు. "మంగళవారమే సెప్పాను, ఎడం చెయ్యి తొందరపడుతోంది అని," అంటూ తిరిగి ఇచ్చారు. ఆరు సున్నాలు చుట్టి ఉన్నాయి.

కృపాజ్యోతి ఆ ఆరూ రెండుసార్లు లెక్కపెట్టింది. ఇరవై మూడులో ఆరు పోతే పదిహేడు.

నాన్న కొట్టినా పదిహేడు తేడా. ఝాన్సీ కొట్టినా పదిహేడు తేడా. మనుషులు మారినా మారని తప్పు అది. అంటే ఎక్కడో ఒకేచోట కూర్చుని ఉంది.

నోట్‌ప్యాడ్ తెరిచి నాలుగు వరుసలు రాసింది. ఎక్కడెక్కడ తేడా ఉందో చూపించు: ఎడమవైపు ఉండాల్సిన మాట, కుడివైపు కొట్టిన మాట. అది చూపించింది. వాటిలో ఝాన్సీ జారిన ఆరూ తీసేస్తే మిగిలిన పదిహేడూ అంకెలే. ఎడమవైపు 1981, కుడివైపు 1981లాగే కనబడేదే. ఎడమవైపు 1,140 ఎకరాలు, కుడివైపు అవే ఎకరాలు.

ఆమె కళ్లు నులుముకుంది. రెండూ ఒకటే కదా. మరి కాదంటోందేం?

చూస్తే తెలియనప్పుడు ఇంకోలా అడగాలి. కంప్యూటర్‌కు ప్రతి అక్షరానికీ ఒక నంబరుంటుంది. అక్షరాలు వద్దు, వాటి నంబర్లు చూపించమంది. ఎడమవైపు మొదటి అక్షరం నలభై తొమ్మిది. కుడివైపు మొదటి అక్షరం నూట ఎనిమిది.

నలభై తొమ్మిది అంటే ఒకటి అంకె. నూట ఎనిమిది అంటే ఇంగ్లీషు చిన్న ఎల్.

"ఝాన్సీ, నువ్వు ఒకటి దేంతో కొట్టావు?"

"ఎల్లుతో అక్కా."

"ఎందుకు?"

"ఎందుకేటక్కా? ఒకటి ఎల్లుతోనే కదా కొడతారు. ఇంక దేంతో కొడతారు?"

కృపాజ్యోతి లేచి హాలు దాటి కుడివైపు గోడ దగ్గరికి వెళ్లింది. మూడో నంబరు మిషను మీద కప్పిన గుడ్డ తీసి, అంకెల వరుస చూసింది. రెండు, మూడు, నాలుగు, ఐదు... ఆ వరుస రెండుతో మొదలైంది. ఆ పాత మిషనుకు ఒకటి అంకే లేదు. చిన్న ఎల్‌నే ఒకటిగా వాడుకోమని తయారుచేసినవాళ్లు వదిలేశారు. పక్క మిషనూ అంతే, దాని పక్కదీ అంతే.

ఇరవై రెండేళ్లు ఈ హాల్లోనే పెరిగింది. ఆ వరుస ఒక్కసారి కూడా చూడలేదు.

*

"అయితే ఎవురిది తప్పు?" అంది ఎస్తర్ రాణి. మధ్యాహ్నం డ్యూటీకి చీర మడతలు సర్దుకుంటోంది.

"ఎవురిదీ కాదమ్మా. నాన్న మిషను మీద నాన్నది రైటు. కంప్యూటర్ మీద అది ఒకటి కాదు, ఎల్."

"మరి నీ పేజీకి సెప్పు, ఎల్ కొట్టినా ఒకటే అనుకోమని."

"సెప్పొచ్చు. ఒక్క లైను సాలు."

"రాసీ మరి. ఆయన సున్నా తప్పులతో గెలుస్తారు, నువ్వూ గెలుస్తావు. హాలు నీదవుతాది. ఇంక ఎవురికీ ఏటీ తెలియక్కర్లేదు."

కృపాజ్యోతి అప్పటికే ఆ లైను రాసింది. రాసి, దాని ముందు రెండు గీతలు పెట్టింది. అలా గీతలుంటే కంప్యూటర్ ఆ లైనును పట్టించుకోదు. గీతలు తీసేస్తే చాలు, హాలు ఆమెది.

"మరి ఝాన్సీ సంగతేటమ్మా? రేపెక్కడో ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని ఒకటి బదులు ఎల్ కొడతాది. సూడ్డానికి బాగానే ఉంటాది. లెక్క కూడమంటే మాత్రం కంప్యూటర్ కూడదు. ఆ పిల్ల తలబాదుకుంటాది. నాన్న నేర్పినోళ్లందరికీ అదే గతి. నా పేజీ కూడా సరే సరే అని తలూపితే ఎవురు సెప్తారు వాళ్లకి?"

"అయితే ఆయనకే సెప్పు."

"ఏటని? మీ మిషనే తప్పని సెప్పనా? ఆ మిషన్లు వరండాలో పెట్టేస్తారని ఆయనకి ఇప్పటికే సగం ప్రాణం పోయింది."

ఎస్తర్ రాణి సంచీ భుజాన వేసుకుని గుమ్మం దగ్గర ఆగింది. "మందు సేదుగా ఉందని పంచదార పూసి ఇస్తాం గానీ, మందు మానీసి పంచదార ఒక్కటే ఇయ్యం. ఆపైన నీ ఇష్టం."

అప్పుడే జాన్ బాబు లోపలి గదిలోంచి వచ్చాడు. విన్నాడో లేదో తెలియలేదు.

"అన్నయ్యా, తెలిసింది," అంది కృపాజ్యోతి. "భాషది కాదు తప్పు."

"ఊఁ," అన్నాడు. ఏమని తెలిసిందో అడగలేదు. "రేపు పదింటికి మత్స్యలింగం గారొస్తున్నారు. హాలు కొంచెం తుడిపించు."

*

శుక్రవారం పదింటికి మత్స్యలింగం గారు అనకాపల్లి బస్సు దిగి వచ్చారు. మంచి మనిషి. వచ్చీ రాగానే మాస్టారికి దణ్ణం పెట్టి, "మా బావమరిది మీ దగ్గరే టైపు లోయర్ పాసయ్యేడండి," అన్నారు. జాన్ బాబు ఆయనకు కూల్‌డ్రింకు గ్లాసులో పోసి తెచ్చాడు. కాగితాలు బల్ల మీదికి వచ్చాయి. పెన్ను మూత కూడా ఊడింది. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నారు.

"నాన్నా, సంతకానికి ముందు ఒక్క మాట," అంది కృపాజ్యోతి.

"మీ అమ్మాయికి సెప్పు..." అని మాస్టారు భార్య వైపు తిరిగారు.

"నేను సెప్పను," అంది ఎస్తర్ రాణి. "మీకూ నోరుంది, దానికీ సెవులున్నాయి."

మత్స్యలింగం గారు గ్లాసులోకి చూసుకున్నారు.

కృపాజ్యోతి కంప్యూటర్ వైపు చూసింది. ఆ రెండు గీతలు ఇంకా అలాగే ఉన్నాయి. ఇప్పటికీ వెళ్లి తీసేయొచ్చు. ఆమె వెళ్లలేదు. చేతిలోని కాగితం నాన్న ముందు పెట్టింది. పదిహేడు వరుసలు, ఎడమవైపు నలభై తొమ్మిదులు, కుడివైపు నూట ఎనిమిదులు.

"ఇది ఝాన్సీ కంప్యూటర్ మీద కొట్టింది. మీరు ఆరు దిద్దారు. పేజీ ఇరవై మూడంది. ఆ మిగిలిన పదిహేడూ, మంగళవారం మీకు సెప్పిన పదిహేడూ ఒకటే నాన్నా. ఒకటి ఉన్న ప్రతిచోటా మీరు ఎల్ కొట్టారు. కంటికి తేడా లేదు. కంప్యూటర్‌కి ఉంది. దీనికి ఒకటి వేరేగా ఉంది."

మాస్టారు ఫుట్‌రూలు తీసుకుని మొదటి వరుస కింద పెట్టారు. తర్వాత రెండో వరుస కింద. పదిహేడు వరుసలూ దిగేదాకా తల ఎత్తలేదు.

"నాన్నా, ఆయన తిరుగు బస్సుకి టైమవుతోంది," అన్నాడు జాన్ బాబు.

మాస్టారు లేచారు. కాగితాల వైపు కాదు, మూడో నంబరు మిషను వైపు వెళ్లారు. అంకెల వరుస మీద చెయ్యి పెట్టి, రెండు దగ్గర వేలు ఆపారు. ఇరవై ఎనిమిదేళ్లుగా తెలిసిన వరుసే. తర్వాత ఎడమవైపు గోడ దగ్గరికి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నారు.

తల వంచి కీల వైపు చూశారు. ఆయన అలా చూడగా ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. కుడివైపు గోడ దగ్గర మిషను మీద ఇంకా సాధన చేస్తున్న ఝాన్సీ కొట్టడం ఆపేసింది.

"ఒకటి," అన్నారు మాస్టారు. "ఇది ఏ వేలితో కొట్టాలమ్మా?"

మూడు రోజుల తర్వాత కూతురితో ఆయన అన్న మొదటి మాట అది.

కృపాజ్యోతి తన రెండు చూపుడు వేళ్లూ చూసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నాకు తెలీదు నాన్నా. మీరు నాకు నేర్పలేదు కదా."

మాస్టారు ఆమె వైపు చూశారు. పక్కనున్న స్టూలు కాలితో దగ్గరికి లాగారు.

"కూర్సో. వీపు వంచకు. ఎడం చెయ్యి ఇక్కడ పెట్టు. చిటికెన వేలు పైకి సాగదీయి, మిగతా వేళ్లు కదలకూడదు. దీనికి ఆ వేలే సరి, ఇంకోటి అందదు." ఆయన తన చిటికెన వేలు సాగదీసి కొట్టి చూపించారు. తెర మీద ఒకటి పడింది. నిజమైన ఒకటి. "నువ్వు ముందు లోయర్ పాసవ్వు. హాలు సంగతి ఆ తర్వాత సూద్దాం."

మత్స్యలింగం గారు పెన్ను మూత వెతుక్కున్నారు.

"జానూ," అన్నారు మాస్టారు, తెర మీంచి చూపు తిప్పకుండా. "నువ్వు హయ్యర్ ఫస్టు క్లాసులో పాసయ్యావు. మూడో నంబరు మీదే కదూ నేర్చుకున్నావు?"

"అవును నాన్నా."

"మంగళవారం నా యెనకే నిలబడ్డావు. వంగి సూసావు కూడా." మాస్టారు ఇంకో ఒకటి కొట్టారు. "ఆ మిషనుకి ఒకటి లేదని నీకు తెలుసు. మరి ఎందుకు సెప్పలేదు?"

జాన్ బాబు ఖాళీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. బల్ల మీద సంతకం పడని కాగితాల వైపు చూశాడు.